దేశం తరఫున డిజిటల్ విధాన ప్రతిపాదన: ఐక్యరాజ్య సమితి ముసాయిదాలో నిలిచే వాక్యం ఎలా రాయాలి

డిజిటల్ విధానంపై అంతర్జాతీయ చర్చలకు పిలుపు రాగానే అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి వెళ్లే పత్రాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. మొదటి నాలుగు పేజీలు ప్రభుత్వం చేసిన పనుల జాబితా. తర్వాత రెండు పేజీలు డిజిటల్ అంతరం మీద ఆవేదన. చివర్లో, అంతర్జాతీయ సమాజం ఆదుకోవాలని ఓ విజ్ఞప్తి. అవన్నీ నిజమే కావచ్చు. కానీ ముసాయిదా రాసేవాళ్లు ఎత్తి రాసుకోవడానికి అందులో ఒక్క వాక్యమూ దొరకదు. దొరకనిది తుది పత్రంలోకి రాదు.

అందుకే పని చివరి నుంచి మొదలుపెట్టండి. తుది పత్రంలో మీ దేశానికి ఏ రెండు మూడు వాక్యాలు కావాలో ముందు తేల్చుకోండి. లెక్కలు, సంప్రదింపులు, ఆమోదాలు, తోటి దేశాలతో మాటలు, అన్నీ ఆ వాక్యాలను నిలబెట్టడానికే.

ఏ వేదికకు రాస్తున్నారు?

ఒకే పత్రాన్ని అన్ని చోట్లకీ పంపితే ఎక్కడా పనికిరాదు. ఒక్కో వేదికకు ఒక్కో పరిధి, ఒక్కో భాష ఉంటాయి.

సమాచార సమాజంపై ప్రపంచ శిఖరాగ్ర సదస్సు, అంటే డబ్ల్యూఎస్ఐఎస్, 2003లో జెనీవాలోనూ 2005లో ట్యూనిస్‌లోనూ జరిగింది. మౌలిక సదుపాయాలు, సామర్థ్యాల పెంపు, భాషా వైవిధ్యం, సైబర్ భద్రత వంటి 11 కార్యాచరణ అంశాలు అక్కడి నుంచే వచ్చాయి. దాని ఇరవయ్యేళ్ల సమీక్ష 2025 డిసెంబరులో న్యూయార్క్‌లో ముగిసింది. ఇంటర్నెట్ పాలనపై అన్ని పక్షాలూ చర్చించే ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం శాశ్వత వేదికగా మారింది అప్పుడే.

డిజిటల్ సహకారంపై ఐరాస సభ్య దేశాల ఒడంబడిక అయిన గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్ 2024 సెప్టెంబరు 22న ఆమోదం పొందింది. దానికి ఐదు లక్ష్యాలు: డిజిటల్ అంతరాలు తగ్గించడం, డిజిటల్ ఆర్థిక వ్యవస్థలో అందరికీ చోటు, హక్కులను గౌరవించే సురక్షిత డిజిటల్ ప్రపంచం, డేటా పాలన, కృత్రిమ మేధ పాలన. దీని ఉన్నతస్థాయి సమీక్ష ఐరాస సర్వసభ్య సభ 82వ సమావేశాల్లో ఉంది. ఇప్పుడు తయారీ మొదలుపెట్టే దేశానికి అందుబాటులో ఉన్న పెద్ద అవకాశం అదే. కృత్రిమ మేధ విషయంలో 40 మంది నిపుణుల అంతర్జాతీయ శాస్త్రీయ బృందాన్ని, ప్రపంచ సంభాషణ వేదికను 2025 ఆగస్టులో సర్వసభ్య సభ ఏర్పాటు చేసింది. డేటా పాలనపై చర్చ అభివృద్ధి కోసం శాస్త్ర సాంకేతికతలను చూసే ఐరాస కమిషన్ కింది వర్కింగ్ గ్రూపులో నడుస్తోంది.

స్పెక్ట్రం, నంబర్లు, టెలికాం ప్రమాణాలకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అదే ఐటీయూ, ఉంది. డిజిటల్ ప్రసారాలపై సుంకాల గొడవ ప్రపంచ వాణిజ్య సంస్థది. సీమాంతర డిజిటల్ సేవల మీద పన్ను ఐరాస పన్ను ఒప్పందం చర్చల్లోది. ఈ హద్దులు తెలియకపోతే సుంకాల పేరాను కాంపాక్ట్ సమీక్షకు పంపుతారు. 'ఇది ఇక్కడి అంశం కాదు' అని మొదటి రోజే పక్కన పెట్టేస్తారు.

ఎవరు కూర్చోవాలి, ఎవరు రాయాలి

ఆరేడుగురు చాలు: విదేశాంగ శాఖ, ఐటీ శాఖ, టెలికాం నియంత్రణ సంస్థ, వాణిజ్య శాఖ, ఆర్థిక శాఖ, గణాంక శాఖ, న్యాయ శాఖ లేదా డేటా పరిరక్షణ సంస్థ. ఒక్కొక్కరి నుంచి ఒక్కరే, పేరుతో సహా. 'ఎవరో ఒకరు వస్తారు' అంటే ప్రతి సమావేశానికీ కొత్త ముఖం వస్తుంది, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. మాటలు ఎంతమందివైనా కలం ఒక్కరి చేతిలోనే ఉండాలి. తలా ఒక పేరా రాసి అతికించిన పత్రం ఇట్టే తెలిసిపోతుంది: మూడో పేజీలో డేటా దేశం దాటకూడదని ఉంటుంది, ఏడో పేజీలో డేటా ప్రవాహానికి అడ్డంకులు తొలగాలని ఉంటుంది.

వాణిజ్య శాఖను మొదటి రోజు నుంచే కూర్చోబెట్టండి. ఎలక్ట్రానిక్ ప్రసారాలపై కస్టమ్స్ సుంకాలు వేయరాదన్న తాత్కాలిక నిషేధం 1998 నుంచి పొడిగింపులతో నడిచింది. దాని మీద జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో మీ దేశం ఒకటి చెప్పి, న్యూయార్క్ పత్రంలో దానికి విరుద్ధంగా రాస్తే, అవతలి ప్రతినిధి ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదువుతారు. ఆ తర్వాత మిగతా పేరాల మీద కూడా నమ్మకం పోతుంది.

లెక్కలు: ఎక్కువ పత్రాలు దెబ్బతినేది ఇక్కడే

ఒక ఊహాజనిత దేశం తీసుకుందాం. జనాభా కోటి. నియంత్రణ సంస్థ దగ్గర 1 కోటి 10 లక్షల సిమ్‌లు నమోదై ఉన్నాయి. వాటిలో 70 లక్షల సిమ్‌ల మీద డేటా వాడకం కనబడుతోంది. గణాంక శాఖ ఇంటింటి సర్వేలో మాత్రం ఇంటర్నెట్ వాడినవాళ్లు 38 లక్షలే. ఈ మూడు అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కో మనిషికి రెండు మూడు సిమ్‌లు ఉంటాయి. కొన్ని సిమ్‌లు డబ్బు వసూలు యంత్రాల్లో, వాహనాల్లో ఉంటాయి. ఐటీయూ లెక్కలో ఇంటర్నెట్ వాడకందారు అంటే గత మూడు నెలల్లో ఎక్కడి నుంచైనా, ఏ పరికరం మీదైనా ఇంటర్నెట్ వాడిన మనిషి. అది సర్వే నుంచే వస్తుంది.

ఐటీ శాఖకు 110 శాతం అనే అంకె మీద మోజు ఉంటుంది. విజయంగా కనిపిస్తుంది కదా. కానీ మొదటి పేజీలో 110 శాతం కనెక్షన్లని రాసి, ఐదో పేజీలో గ్రామాల కనెక్టివిటీకి నిధులు కావాలంటే అడిగే హక్కును మీరే చెరిపేసుకున్నట్టు. పత్రంలో వాడకందారుల సంఖ్య పెట్టండి. పక్కనే సర్వే జరిగిన ఏడాది, వయసు పరిమితి, స్త్రీ పురుషుల విభజన, ఊరు పట్టణం విభజన ఇవ్వండి. సర్వే ఐదేళ్ల కిందటిదైతే ఆ మాట దాచకుండా రాయండి. కొత్త సర్వేకు సాయం అడగడానికి అదే మంచి ఆధారం.

సిగ్నల్ ఉండటం వేరు, వాడటం వేరు. 4జీ సిగ్నల్ జనాభాలో 92 శాతానికి అందుతూ వాడకం 38 శాతమే ఉంటే, మీ అసలు సమస్య టవర్లు కాదు. ధర, ఫోన్, చదువు, భాష, కరెంటు, వీటిలో ఏదో ఒకటి. టవర్ల కోసం అడిగే పేరా అక్కడితో ఆపేయాలి. ఈ ఒక్క తేడా చూసుకోకపోవడం వల్లే చాలా దేశాలు తమకు అక్కర్లేనిది అడిగి తెచ్చుకుంటాయి.

ధర విషయంలో కూడా సగటు మోసం చేస్తుంది. ప్రాథమిక బ్రాడ్‌బ్యాండ్ ధర తలసరి నెలసరి జాతీయాదాయంలో 2 శాతం లోపు ఉండాలని ఐటీయూ, యునెస్కోల బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2025కి లక్ష్యం పెట్టింది. మన ఊహాజనిత దేశంలో తలసరి ఆదాయం ఏడాదికి 1,200 డాలర్లు, అంటే నెలకు 100. ప్లాన్ ధర 5 డాలర్లు. సగటున 5 శాతం. కానీ అట్టడుగు వర్గంలో మనిషికి నెలకు వచ్చేది 30 డాలర్లే అయితే అదే ప్లాన్ 16 శాతం దాటుతుంది. ఈ రెండో అంకెను కూడా పత్రంలో పెట్టండి. ఎన్ని జీబీల ప్లాన్, ఏ ఏడాది ధర అన్నది తప్పనిసరిగా రాయాలి. కొలత మారితే పోలిక చెడిపోతుంది.

ప్రపంచ అంకెలు వాడేటప్పుడు కూడా సంచిక చెప్పాలి. ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్నవాళ్లు 260 కోట్లని ఐటీయూ 2024 సంచిక చెప్పింది, 220 కోట్లని 2025 సంచిక చెప్పింది. ఆ తేడా అంతా ఒక్క ఏడాదిలో కొత్తగా చేరినవాళ్లు కాదు. కొత్త సమాచారం వచ్చాక పాత ఏడాది అంచనాలు కూడా సవరిస్తారు. రెండు సంచికలను కలిపి 'ఏడాదిలో 40 కోట్లు' అని రాస్తే గణాంకాలు తెలిసిన ప్రతినిధి అక్కడే పట్టేస్తారు.

సంప్రదింపులు

పూర్తయిన పత్రం పెట్టి అభిప్రాయం అడిగితే జనం పొగుడుతారు లేదా తిడతారు, కొత్త సమాచారం రాదు. ముసాయిదాకు ముందు ఐదారు ప్రశ్నలు పెట్టండి, మూడు వారాలు ఇవ్వండి, దేశంలో జనం మాట్లాడే భాషల్లో పెట్టండి. టెలికాం కంపెనీలు పిలవకపోయినా వస్తాయి. వెతికి పిలవాల్సినవాళ్లు వేరే ఉన్నారు: దేశ డొమైన్ పేర్లు నడిపే సంస్థ, దేశంలోని నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి కలిసే ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ నడిపే ఇంజినీర్లు, వికలాంగుల సంఘాలు, బడుల్లో కంప్యూటర్ చెప్పే టీచర్లు, చిన్న ఆన్‌లైన్ వ్యాపారులు. బ్యాండ్‌విడ్త్ ఎక్కడ ఆగుతోందో ఎక్స్ఛేంజ్ ఇంజినీరుకు తెలిసినంతగా ఏ శాఖకూ తెలియదు. వచ్చిన సూచనల్లో ఏవి తీసుకున్నారో, ఏవి ఎందుకు తీసుకోలేదో ఒక పట్టిక ప్రచురించండి. 2024 ఏప్రిల్‌లో ఇంటర్నెట్ పాలనపై జరిగిన నెట్‌ముండియల్ ప్లస్ 10 సమావేశం నుంచి వచ్చిన సావో పాలో మార్గదర్శకాల్లో ఇలాంటి ప్రక్రియకు 12 మెట్లు ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టే దేశానికి అవి నేరుగా పనికొస్తాయి.

వాక్యం రాయడం

సమస్య: మీది సముద్రతీరం లేని దేశం. సముద్రగర్భ కేబుల్ పొరుగు దేశం తీరానికి వస్తుంది. అక్కడి నుంచి మీ సరిహద్దు దాకా ట్రాన్సిట్ ఛార్జీ కట్టాలి, బ్యాండ్‌విడ్త్ ధర అక్కడే పెరుగుతోంది. మామూలుగా రాసే వాక్యం ఇలా ఉంటుంది:

"సముద్రతీరం లేని దేశాల ప్రత్యేక సవాళ్లను అంతర్జాతీయ సమాజం గుర్తించి తగిన సహకారం అందించాలి."

దీన్ని ఎవరూ వ్యతిరేకించరు. దీనివల్ల ఏమీ జరగదు కూడా. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటిలోగా, జరిగిందని ఎలా తెలుస్తుంది, ఈ నాలుగూ లేవు. ఇలా మార్చండి:

"సముద్రతీరం లేని అభివృద్ధి చెందుతున్న దేశాలకు చేరే అంతర్జాతీయ బ్యాండ్‌విడ్త్‌పై పడే ట్రాన్సిట్ ఛార్జీల వివరాలను సభ్య దేశాలు స్వచ్ఛందంగా ఇచ్చే సమాచారం ఆధారంగా ఏటా ప్రచురించాలనీ, మొదటి నివేదికను రెండేళ్లలోగా ఇవ్వాలనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌ను కోరుతున్నాం."

'స్వచ్ఛందంగా' అన్న మాట ఎందుకు? ట్రాన్సిట్ దేశాలు అడ్డుపడకుండా. వాళ్లకు ఆదాయం పోతుందన్న భయం ఉంటుంది. ఛార్జీలు తగ్గించమని అడిగితే వాక్యం చచ్చిపోతుంది. ప్రచురించమని అడిగితే బతికే అవకాశం ఉంది, అంకెలు బయటికొచ్చాక తగ్గింపు మాట ఎత్తడం తేలిక.

ఈ వాక్యం కింద, ఇంతకుముందు అందరూ ఒప్పుకున్న పత్రం నుంచి ఒక ఆధారం చూపాలి. చర్చల్లో 'అగ్రీడ్ లాంగ్వేజ్' అనేది దీన్నే. మన ఉదాహరణకు సముద్రతీరం లేని దేశాల కోసం ఐరాసలో ఒప్పుకున్న 2024–2034 అవాజా కార్యాచరణ ప్రణాళిక సరిపోతుంది. ట్రాన్సిట్, రవాణా, కనెక్టివిటీ అందులో ఒక ప్రాధాన్య అంశం. టెక్నాలజీ బదిలీ గురించి అడిగేవాళ్లు సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 17.7ను ముందు పెట్టుకోవాలి. 'రాయితీ, ప్రాధాన్య షరతులతో సహా అనుకూల షరతుల మీద, పరస్పరం ఒప్పుకున్న మేరకు' అన్న మాటలు అక్కడ ఉన్నాయి. అయితే ఆ లక్ష్యం పర్యావరణ హిత టెక్నాలజీల గురించి మాత్రమే. డిజిటల్ టెక్నాలజీకి వర్తింపజేస్తే అవతలి పక్షం ఆ తేడా ఎత్తిచూపుతుంది, జవాబు ముందే సిద్ధం చేసుకోండి. 'అనుకూల షరతులు' తీసేసి 'స్వచ్ఛందంగా' చేర్చమని కూడా అడుగుతారు. ఆ ఒక్క మార్పుతో పేరా అర్థమే మారిపోతుంది.

క్రియాపదం మీద కూర్చుని ఆలోచించండి. ఇంగ్లిష్ ముసాయిదాలో 'డిసైడ్స్' అంటే నిర్ణయం. 'రిక్వెస్ట్స్' అంటే సచివాలయానికో, ఐరాస సంస్థకో పని అప్పగించడం. 'కాల్స్ అపాన్', 'అర్జెస్' దేశాలకు గట్టి పిలుపు. 'ఎన్‌కరేజెస్', 'ఇన్వైట్స్' వదులుగా ఉంటాయి. 'టేక్స్ నోట్ ఆఫ్' అంటే ఆమోదమూ కాదు, తిరస్కారమూ కాదని సర్వసభ్య సభే తన 55/488 నిర్ణయంలో చెప్పింది. మీ సొంత భాషలో రాసి అనువదిస్తుంటే ఇవన్నీ 'కోరుతున్నాం' అన్న ఒకే మాటగా తేలిపోతాయి. అందుకే కీలక వాక్యాలు మూడింటినీ మొదటి నుంచీ చర్చ జరిగే భాషలోనే రాయండి.

అలాంటిదే ఇంకో జంట ఉంది. 'మల్టీలేటరల్' అంటే ప్రభుత్వాల మధ్య జరిగేది. 'మల్టీస్టేక్‌హోల్డర్' అంటే ప్రభుత్వాలతో పాటు కంపెనీలు, పౌర సమాజం, సాంకేతిక నిపుణులు కూర్చునేది. అనువాదంలో రెండూ 'బహుళపక్ష' అయిపోవడం మామూలే. ఇంటర్నెట్ పాలన చర్చలో ఇరవయ్యేళ్లుగా నడుస్తున్న అసలు వివాదం ఈ రెండు మాటల మధ్యే ఉంది. పొరపాటున ఒకటి రాస్తే మీ దేశం పక్షం మార్చిందనుకుంటారు.

ఐటీయూకు పంపే ప్రతిపాదనల్లో ప్రతి మార్పు పక్కన గుర్తు పెట్టాలి: కొత్తగా చేర్చితే యాడ్, మార్చితే మాడ్, తీసేస్తే సప్, యథాతథంగా ఉంచాలంటే నాక్. గుర్తు లేని మంచి ఆలోచన అక్కడ ఉత్త వ్యాసమే.

డబ్బు

'ప్రస్తుత వనరుల పరిధిలో' అన్న మూడు ముక్కలు పేరా చివర చేరితే కొత్త డబ్బు రాదని అర్థం. ఐరాస సచివాలయానికి కొత్త పని అప్పగించే తీర్మానానికి, ఓటింగుకు ముందే ఖర్చు అంచనా రావాలని సర్వసభ్య సభ నిబంధన 153 చెబుతుంది. ఆ లెక్కను సభలో బడ్జెట్ వ్యవహారాల ఐదో కమిటీ చూస్తుంది. కాబట్టి పని అడిగేటప్పుడే ఎవరి డబ్బుతో అన్నది రాయండి: సాధారణ బడ్జెట్టా, స్వచ్ఛంద విరాళాలా, ఉన్న నిధి నుంచా? స్వచ్ఛంద విరాళాలని రాస్తే వాక్యం తేలిగ్గా గట్టెక్కుతుంది, పని మాత్రం విరాళం వచ్చేదాకా మొదలవదు.

ఆమోదాలు, గడువు

పిలుపు నుంచి గడువు దాకా ఎనిమిది వారాలు ఉంటే: మొదటి వారం బృందం, ప్రశ్నలు. రెండు నుంచి నాలుగు దాకా సంప్రదింపులు, పక్కనే లెక్కల పని. ఐదో వారం ముసాయిదా. ఆరు, ఏడు వారాలు శాఖల ఆమోదం. ఎనిమిదో వారం మంత్రి సంతకం, పంపడం. ఆలస్యమయ్యేది దాదాపు ఎప్పుడూ ఆర్థిక శాఖ దగ్గరే. 'కట్టుబడి ఉంటాం' అన్న మాట కనబడితే వాళ్లకు ఖర్చు కనబడుతుంది. అది వాళ్ల బాధ్యత, తప్పు పట్టకూడదు. డబ్బుతో ముడిపడిన పేరాలను మూడో వారంలోనే విడిగా వాళ్లకు పంపండి.

ఐటీయూ పెద్ద సదస్సులకు ప్రతిపాదనల తుది గడువు ప్రారంభానికి 21 రోజుల ముందు. అనువాదాలకు ఆ వ్యవధి కావాలి. ఆలస్యంగా వచ్చిన కాగితాన్ని ఎవరూ ముందుగా చదివి రారు.

నిడివి మూడు పేజీలు మించనివ్వకండి: అర పేజీ పరిస్థితి, పేజీన్నర వాక్యాలు, ఆధారాలు, పేజీ లెక్కలు. సభలో మాట్లాడటానికి మూడు నిమిషాలు ఇస్తే ఇంగ్లిష్‌లో 350 పదాలు దాటకూడదు. వేగంగా చదివితే దుభాషీలు వెనకబడతారు, మిగతా ఐదు అధికార భాషల్లో వింటున్నవాళ్లకు మీ అసలు వాక్యమే వినబడదు.

గ్రూపుతో నడవడం

అభివృద్ధి చెందుతున్న దేశాల జీ77, చైనా గ్రూపులో 130కి పైగా దేశాలు. అత్యల్పాభివృద్ధి దేశాలు 44, సముద్రతీరం లేనివి 32. మీ వాక్యానికి ఏ గ్రూపులో సొంత ప్రయోజనం ఉన్నవాళ్లు ఎక్కువో అక్కడ ముందు పెట్టండి. మన ట్రాన్సిట్ వాక్యాన్ని నేరుగా జీ77కి తీసుకెళితే ట్రాన్సిట్ దేశాలు కూడా అక్కడే కూర్చుని ఉంటాయి. ముందు 32 దేశాల గ్రూపు ఒప్పుకుంటే, పెద్ద గ్రూపులోకి అది ఒక్క దేశం కోరికగా కాక గ్రూపు మాటగా వెళుతుంది. గ్రూపు సమన్వయ సమావేశానికి కనీసం మూడు వారాల ముందు కాగితం చేరాలి. గ్రూపు తీసుకోని దాన్ని మీ జాతీయ ప్రకటనలో చెప్పండి. తీసుకున్నదాన్ని మళ్లీ చెప్పి సమయం పోగొట్టుకోకండి.

పంపిన తర్వాతే అసలు పని

కాంపాక్ట్ చర్చలు చూడండి. రాతపూర్వక సూచనల గడువు 2023 ఏప్రిల్ 30. జీరో డ్రాఫ్ట్, అంటే చర్చకు పెట్టే మొట్టమొదటి ముసాయిదా, వచ్చింది 2024 ఏప్రిల్ 1న. ఆమోదం సెప్టెంబరు 22న. ఆ ఐదున్నర నెలల్లో సవరించిన ముసాయిదాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పత్రం పంపేసి బృందాన్ని రద్దు చేసిన దేశానికి ఈ దశలో నోరు లేనట్టే.

ప్రతి ముసాయిదా రాగానే మీ మూడు వాక్యాల కోసం వెతకండి. ఉందా, మెత్తబడిందా, పోయిందా? పాత, కొత్త ముసాయిదాలను కంప్యూటర్‌లో పోల్చి చూడండి, కంటితో చదివితే 'వీలైనచోట', 'జాతీయ చట్టాలకు లోబడి' వంటి చిన్న చేర్పులు తప్పిపోతాయి. న్యూయార్క్‌లోని మీ ప్రతినిధి చేతిలో ఒక పేజీ ఉండాలి: ఒక్కో వాక్యానికి మేం కోరేది, సర్దుకునేది, ఒప్పుకోనిది. చిన్న దేశాల కార్యాలయాల్లో డిజిటల్ అంశాలు చూసే అధికారే వాతావరణం, బడ్జెట్ కూడా చూస్తుంటారు. రాత్రి పదింటికి చర్చ గదిలో ఆ పేజీ తప్ప ఆ అధికారికి వేరే దిక్కు ఉండదు.

చివర్లో మౌన ప్రక్రియ వస్తుంది. ముసాయిదాను అందరికీ పంపి గడువు పెడతారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. వేసవిలో న్యూయార్క్ సాయంత్రం 5 గంటల గడువు అంటే, అక్కడికి ఏడు గంటలు ముందుండే రాజధానిలో అర్ధరాత్రి, పన్నెండు గంటలు ముందుండే చోట మర్నాడు తెల్లవారుజామున 5. మంత్రి నిద్ర లేచేసరికి గడువు దాటిపోతుంది. ఏ పరిస్థితిలో మౌనం ఛేదించవచ్చో ప్రతినిధికి ముందే రాతపూర్వక అధికారం ఇవ్వండి. ఒంటరిగా ఛేదించకండి, కనీసం మరో రెండు మూడు దేశాలతో మాట్లాడుకుని చేయండి. అన్నీ విఫలమైతే ఆమోదం సమయంలో వైఖరి వివరణ ఇచ్చి రికార్డులో పెట్టవచ్చు.

పత్రం ఆమోదం పొందిన వారంలోనే ఒక పట్టిక తయారు చేసి భద్రపరచండి: మేం ఇచ్చిన వాక్యం, ఏ ముసాయిదాలో చేరింది, ఎవరు మార్చమన్నారు, వాళ్ల కారణం, తుది రూపం, అమలు చేయాల్సిన సంస్థ. ప్రతినిధులు బదిలీ అవుతారు, కలం పట్టినవారు వేరే శాఖకు వెళతారు. తర్వాతి సమీక్షలో ఇదే పేరా మళ్లీ తెరిచినప్పుడు కొత్త అధికారి మొదట అడిగేది ఈ పట్టికే.